తెలుగు నవల బదులు ఇంకో తెలుగు నవల పంపితే చాలునా?

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నేను కోరిన ‘మోదుగుపూలు’ నవల అందకపోవడం, ఏడు వారాలుగా మీ సంస్థ నుంచి బాధ్యత గల జవాబు ఒక్కటీ రాకపోవడం గురించి.

అయ్యా,

నేను హనుమకొండ నివాసిని. 2016 నుంచి మా ఇంటికి కావలసిన తెలుగు పుస్తకాలన్నీ మీ సంస్థ ద్వారానే తెప్పించుకుంటున్నాను. ఆ పుస్తకాలు చదివేది నేను కాదు, నా భార్య. ఆమె ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక వరండాలో దీపం కింద కూర్చొని, పాత బస్సు టికెట్టును గుర్తుగా పెట్టుకుంటూ రోజుకు పాతిక ముప్పై పేజీలు చదువుతుంది. తర్వాతి నవల ఏదో ఎంచి తెచ్చే పని మాత్రం పెళ్లయిన నాటి నుంచి నాదే, ఆ పనిని నేను తేలికగా తీసుకోను.

మొదట్లో నేనూ పొరపాట్లు చేశాను. ‘చివరకు మిగిలేది’ ఆమెకు ఎంతో నచ్చిందని, ఆ వెంటనే ‘అసమర్థుని జీవయాత్ర’ తెచ్చి ఇచ్చాను. నలభై పేజీలు చదివి పక్కన పెట్టింది. మొదటి నవల కథానాయకుడు దయానిధి మనసులోంచి ఇంకా బయటికి రాకముందే రెండో నవల కథానాయకుడు సీతారామారావు మనసులోకి దిగడం తన వల్ల కాదని చెప్పింది. రెండేళ్ల తర్వాత అదే నవలను తానే అడిగి తీసుకొని రెండు రాత్రుల్లో పూర్తి చేసింది. మంచి నవలైనా వేళ కుదరకపోతే చేతిలో నిలవదని నాకు ఆనాడు అర్థమైంది. అప్పటి నుంచి నేను బహుమతులనూ అట్టలనూ చూడడం మానేశాను. ఒక పుస్తకం ముగించిన రాత్రి ఆమె ఏమి అడుగుతుందో విని, దానిని బట్టి తర్వాతి పుస్తకం వెతుకుతాను.

గత నవంబరులో మీ దగ్గరే కొన్న దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ ఆమె డిసెంబరు చివరి వారంలో ముగించింది. ఆమె అమ్మమ్మ గారిది మహబూబాబాద్ ప్రాంతం, గడీల గురించి, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ల గురించి, అమ్మమ్మ చెప్పిన మాటలు వింటూ పెరిగింది. ఆ రాత్రి పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. తర్వాత, ఆ నవలలో గడీలో దాసిగా (ఆడబాపగా) బతికిన వనజను తలచుకొని నన్ను అడిగింది: “ఆడబాప వనజ లాంటోళ్లు ఊరికెందరో ఉండిన్రు. గడీలు కూలినంక వాళ్లంత ఎటు పోయిన్రు?”

నా దగ్గర జవాబు లేదు. వెతికి తెలుసుకున్నది ఏమిటంటే, 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘చిల్లర దేవుళ్లు’ సాయుధ పోరాటానికి ముందటి తెలంగాణను చూపిస్తే, ‘మోదుగుపూలు’ ఆ పోరాట కాలాన్ని చూపిస్తుంది, ‘జనపదం’ ఆ తర్వాతి కాలంలోకి నడుస్తుంది. ఆమె ప్రశ్నకు జవాబు దొరికితే ఆ దారిలోనే దొరకాలి. అందుకే సంక్రాంతి సెలవులకు అందేలా డిసెంబరు 29న ‘మోదుగుపూలు’ ఆర్డరు చేసి డబ్బు చెల్లించాను.

జనవరి 7న పార్సిల్ వచ్చింది. ఆమె చేతనే విప్పించాను. లోపల ఉన్నది ‘చిల్లర దేవుళ్లు’. బిల్లులో మాత్రం ‘మోదుగుపూలు’ అనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. “ఇది సదివిందే గదా” అని, దానిని తీసుకెళ్లి అలమారలో మొదటి ప్రతి పక్కన నిలబెట్టింది. ఒకే అట్ట ఉన్న ఆ రెండు పుస్తకాలు నేటికీ అక్కడే ఉన్నాయి, తలుపు తీసినప్పుడల్లా నా కంట పడుతున్నాయి.

పుస్తకం మారడం పెద్ద నేరమని నేను అనడం లేదు. గోదాములో వేల పుస్తకాల మధ్య పనిచేసే మనిషి ఒకే రచయిత పేరు చూసి పొరబడి ఉండవచ్చు. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తీరే ఈ లేఖ రాయిస్తోంది.

జనవరి 8న మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఇరవై మూడు నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. నా ఇబ్బంది తనకు అర్థమైందని మూడుసార్లు చెప్పి, పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా చెప్పమంది. చెప్పాను. అంతలో లైను తెగిపోయింది. మరునాడు మాట్లాడిన అబ్బాయికి ముందు రోజు సంగతి ఏదీ తెలియదు, మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. సరైన పుస్తకమే పంపినట్టు తమ రికార్డులో ఉందని, కాదంటే పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో చూపమని అన్నాడు. భార్యకు పుస్తకం ఇచ్చే వేళ సాక్ష్యం కోసం వీడియో తీసుకునే అలవాటు మాకు లేదు. బిల్లునూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో పంపాను. ఫొటో స్పష్టంగా లేదని సందేశం వచ్చింది. పగటి వెలుతురులో మళ్లీ తీసి పంపాను. దానికి జవాబే లేదు.

జనవరి 10న మాట్లాడిన మూడో వ్యక్తి అన్న మాట నేను మరచిపోలేకపోతున్నాను. “రెండూ ఒకే రచయిత రాసినవే కద సార్, ఇది సదివితే ఏమైతది?” అని అడిగాడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, చెప్పమన్నది చెప్పి ఉంటాడు. పుస్తకాలు అమ్మి బతికే సంస్థ తన ఉద్యోగులకు ఒక నవల మరో నవలకు బదులు కాదని ఎందుకు నేర్పలేదన్నదే నా బాధ. తొమ్మిదేళ్లుగా ఒక్కో పుస్తకం ఆలోచించి ఎంచుకున్న మనిషికి ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది.

జనవరి 13న, సరిగ్గా భోగి ముందు రోజు, “మీ ఫిర్యాదు పరిష్కరించబడింది” అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అందులో లేదు. నేను మళ్లీ ఫోన్ చేస్తే, ఒకసారి మూసిన ఫిర్యాదును మళ్లీ తెరవడం వీలు కాదన్నారు, పై అధికారి 24 గంటల్లో మాట్లాడతారన్నారు. ఆ ఫోన్ కోసం మరునాడు పండగ పూట చుట్టాల మధ్య కూడా ఫోను చేతిలో పట్టుకొని తిరిగాను. ఎవరూ చేయలేదు. సెలవులన్నీ అలాగే గడిచాయి. ఆమె ‘చిల్లర దేవుళ్లు’ చివరి అధ్యాయాన్నే మరోసారి చదువుకొని బడికి వెళ్లిపోయింది.

జనవరి 19న మీ పేరిటే ఈమెయిల్ రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నేడు ఫిబ్రవరి 24. అందిందన్న మాట కూడా మీ నుంచి రాలేదు.

ఊళ్లోని పుస్తకాల దుకాణాలు తిరిగితే ఎక్కడో ఒక చోట ఈ నవల దొరుకుతుందని నాకు తెలుసు. అయినా తిరగలేదు. తప్పు చేసిన వారే దానిని దిద్దాలన్నది నా పట్టుదల. తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగిన తోటి ఉపాధ్యాయులందరికీ నా భార్య ఇన్నేళ్లూ మీ పేరే చెప్పింది. ఇప్పుడు వాళ్లు “మోదుగుపూలు వచ్చిందా?” అని అడుగుతుంటే, వారికి చెప్పడానికి ఆమె దగ్గర మాట లేకుండా పోయింది.

మీ ఖర్చుతో ఆ రెండో ప్రతిని వెనక్కి తీసుకొని ‘మోదుగుపూలు’ పంపండి. ‘జనపదం’ కూడా కలిపి పంపితే దాని వెల చెల్లిస్తాను. డబ్బు వెనక్కి ఇస్తామంటే నేను ఒప్పుకోను. వీటితో పాటు, ఏడు వారాలు ఎందుకు పలకలేదో ఒక మనిషి తన పేరుతో సంతకం చేసి నా భార్యకు రాయాలి.

మార్చి 10 లోగా ఇవి జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. బిల్లు, రెండు ఫొటోలు, మీ సందేశాలు అన్నీ ఒక కవరులో పెట్టి ఉంచాను.

ఇట్లు,
2016 నుంచి మీ ఖాతాదారు,
హనుమకొండ