దసరా దాకా మెయిళ్లు ఆపొద్దు

అందరికీ నమస్కారం. వరలక్ష్మీ వ్రతానికి ముందు మనం కొనేవాళ్లకు పంపిన మెయిళ్లకు చీరల ఆర్డర్లు బాగా వచ్చి, ఇప్పుడు ఒక్కసారిగా తగ్గేసరికి మనలో కొందరు డీలా పడ్డారు. ఇక మెయిళ్లు ఆపేద్దామంటున్నారు. దయచేసి ఆపకండి. ఇవి మహాలయ పక్షాలు, చాలా ఇళ్లలో కొత్త బట్టలు కొనరు. దసరాకు మళ్లీ చూస్తారు, అప్పటికి మన పేరు వాళ్లకు గుర్తుండాలి.

ఎంతమంది తెరిచారన్న లెక్క చూసి టెన్షన్ పడకండి. 2021లో యాపిల్ మెయిల్‌లో తెచ్చిన ప్రైవసీ సదుపాయం వల్ల, అది వాడేవాళ్లు మన మెయిల్ చదవకపోయినా తెరిచినట్టు కనిపించొచ్చు. లింకు నొక్కినవాళ్లను, తిరిగి జవాబు రాసినవాళ్లను చూడండి. "మంగళగిరి చీరల్లో సన్న జరీ అంచు ఉందా?" అని ఒక్కరు అడిగినా ఆ రోజే ఫొటోలు పంపండి. పగటి వెలుతురులో, కొంగు విప్పి తీసినవి. నా దృష్టిలో వంద ఓపెన్ల కంటే అలాంటి జవాబు ఒక్కటి ఎక్కువ.

అలాగని రోజూ పంపి విసిగించొద్దు, వారానికొకటి చాలు. స్పామ్ ఫిర్యాదులు, అంటే మన మెయిల్ అక్కర్లేని చెత్త అని నొక్కడం, 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ చెబుతోంది. వద్దన్నవాళ్ల పేరు వెంటనే తీసేయండి.

దసరా మెయిల్ రాసుకున్నవాళ్లు ఆదివారంలోపు ఇక్కడ పెట్టండి, అందరం చదివి సరిచేద్దాం.