టికెట్ మూసేశారు సరే, రాసింది చదివిందెవరు?

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ డిస్క్ బర్నింగ్ (సీడీలు, డీవీడీల మీద ఫైళ్లు రాసే) సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాక డీవీడీ డ్రైవ్ అందకుండా పోవడం, అంతకంటే ముఖ్యంగా, 24 రోజులుగా మీ విభాగం ఇస్తున్న జవాబులు.

అయ్యా,

మీ సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లిందని ఈ ఉత్తరం రాయడం లేదు. తప్పులు ఎవరి ప్రోగ్రాములోనైనా దొర్లుతాయి. ఇదైతే పది నిమిషాల్లో సరిచేసుకోదగ్గ తప్పు. అది ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో మొదటి మెయిల్లోనే రాసి పంపితే మీ దగ్గర ఒక్కరూ చదవలేదు. కోపమల్లా దానికే.

ఆ మెయిల్లో ఏముందో మళ్లీ రాస్తున్నాను. ఎలాగూ ఎవరూ చదవలేదు కాబట్టి మీకిది కొత్త విషయమే.

పాత వెర్షన్ తీసేసి, కొత్తది వేసి, రీస్టార్ట్ చేయగానే ఎక్స్‌ప్లోరర్‌లో డీవీడీ డ్రైవ్ మాయమైంది. డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు త్రికోణం, తెరిచి చూస్తే కోడ్ 39: డ్రైవర్ (విండోస్ ఆ పరికరాన్ని నడిపించుకునే చిన్న ప్రోగ్రాము) పాడై ఉండొచ్చు లేదా లేకపోయి ఉండొచ్చు అని. యూఎస్‌బీకి తగిలించే వేరే కంపెనీ డీవీడీ డ్రైవ్ పెట్టి చూస్తే దానికీ అదే కోడ్. అదే కంప్యూటర్‌ను లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే రెండు డ్రైవ్‌లూ డిస్కుల్ని చక్కగా చదివాయి. అంటే డ్రైవ్ బాగుంది, కేబుల్ బాగుంది, విండోస్‌లో డీవీడీ డ్రైవ్‌లన్నిటికీ కలిపి ఏదో అడ్డం పడింది. ఆ అడ్డం ఏదో కూడా రాశాను. విండోస్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీలో కరెంట్‌కంట్రోల్‌సెట్ కింద, కంట్రోల్, దాని కింద క్లాస్, అందులో 4డీ36ఈ965తో మొదలయ్యే కీ, అంటే ఫోల్డర్ లాంటిది. దాన్లోని లోయర్‌ఫిల్టర్స్ జాబితాలో మీ పాత వెర్షన్ ఫిల్టర్ డ్రైవర్ (అసలు డ్రైవర్‌కు తోడుగా మధ్యలో చేరే డ్రైవర్) పేరు అలాగే కూర్చుని ఉంది. సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డర్‌లో మాత్రం ఆ పేరుతో ఉండాల్సిన ఫైలు లేదు. మీ అన్‌ఇన్‌స్టాలర్ ఫైలును చెరిపేసి పేరును వదిలేసింది. జాబితాలో ఉన్న ఫిల్టర్ దొరక్కపోతే విండోస్ అసలు డ్రైవ్‌నే మొదలుపెట్టదు. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తూ తాళంచెవి కూడా పట్టుకుపోయినట్టుంది మీ అన్‌ఇన్‌స్టాలర్ పని.

నేను అడిగిందల్లా, ఆ జాబితాలో ఉన్న రెండో పేరు మీ కొత్త వెర్షన్‌దా, ఇంకో ప్రోగ్రాముదా అని. ఒక్క ముక్కలో అయిపోయే జవాబు.

మూడు రోజులకు మొదటి ప్రతినిధి నుంచి జవాబు వచ్చింది: "మెత్తని గుడ్డతో లెన్స్ తుడవండి." లెన్స్ మురికైతే డ్రైవ్ కనిపిస్తుంది గానీ డిస్క్ చదవదు. డ్రైవే కనిపించనప్పుడు లెన్స్ తుడవడమేమిటి? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది.

ఆ మాటే తిరిగి రాస్తే చాట్‌కు పంపారు. చాట్‌లో రెండో ప్రతినిధి టికెట్ (నా ఫిర్యాదు నమోదు) చూడకుండానే "మీ సమస్య మొదటి నుంచి చెప్పండి" అన్నారు. చెప్పాక, డివైస్ మేనేజర్‌లో డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయమన్నారు. అలా చేస్తే విండోస్ డ్రైవ్‌ను మళ్లీ గుర్తుపట్టి, మళ్లీ అదే ఫిల్టర్ జాబితా చదివి, మళ్లీ అదే కోడ్ 39 దగ్గర ఆగుతుంది. ఆ జాబితా డ్రైవ్‌ది కాదు, ఆ తరగతి మొత్తానిది. ఇది చెబితే, "డ్రైవ్ తయారీదారు సైటు నుంచి డ్రైవర్ దించుకోండి" అన్నారు. డీవీడీ డ్రైవ్ నడిచేది విండోస్‌తో వచ్చే సీడీరామ్ డ్రైవర్ మీదే, విడిగా దించుకోవడానికేమీ ఉండదని చెప్పేలోపే చాట్ తెగిపోయింది. తర్వాత వచ్చింది కొత్త టికెట్ నంబరు. అంటే మళ్లీ మొదటి నుంచి.

ఫోన్లో 41 నిమిషాల సంగీతం తర్వాత మూడో ప్రతినిధి తేల్చిందేమిటంటే, డ్రైవ్ పాతబడింది, కొత్తది కొనుక్కోవాలి. వేరే డ్రైవ్ పెట్టి చూశానని, దానికీ ఇదే గతని మొదటి మెయిల్లో ఉందండీ అంటే, "అయితే రెండూ పాడై ఉంటాయి" అన్నారు. లినక్స్‌లో రెండూ పనిచేశాయన్న మాటకు "మేము లినక్స్‌కు సపోర్ట్ ఇవ్వం" అని జవాబు.

ఇంతవరకు విసుగే. అసలుకే ఎసరు తెచ్చింది మీ "సీనియర్ నిపుణుడు".

ఆయన ఒక సూచనల పత్రం పంపారు. రిజిస్ట్రీ తెరవండి, 4డీ36ఈ967 కీకి వెళ్లండి, అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఫిల్టర్ జాబితాలు రెండూ డిలీట్ చేయండి, రీస్టార్ట్ చేయండి. చివరి అంకె గమనించారా? 965 డీవీడీ డ్రైవ్‌ల కీ. 967 హార్డ్ డిస్కుల కీ. ఆ 967లోని అప్పర్‌ఫిల్టర్స్‌లో ఉండేది పార్ట్‌మ్గర్, అంటే విండోస్ సొంత పార్టిషన్ మేనేజర్. దాన్ని తీసేస్తే విండోస్ తాను ఉన్న పార్టిషన్‌నే కనుక్కోలేదు. బూట్ మధ్యలో నీలి తెర, దాని మీద 0ఎక్స్7బీ, బూట్ డిస్క్ అందడం లేదని. డీవీడీ డ్రైవ్ కోసం వస్తే మొత్తం కంప్యూటరే పోతుంది. అప్పుడు రికవరీ పెన్‌డ్రైవ్‌తో లేచి, కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్ హైవ్‌ను (రిజిస్ట్రీలో ఆ భాగం ఉండే ఫైలును) లోడ్ చేసుకుని, ఆ జాబితాలో పార్ట్‌మ్గర్‌ను చేత్తో తిరిగి రాయాలి. అది తెలియనివాళ్లు విండోస్ మళ్లీ వేయించుకుంటారు, తొందరలో డిస్క్ ఫార్మాట్ చేసి ఫైళ్లూ పోగొట్టుకుంటారు.

ఆ తప్పు నాకు కనిపించింది కాబట్టి చేయలేదు. మీ పత్రం అందుకున్న మిగతావాళ్ల సంగతేమిటి? ఆ రోజే "అత్యవసరం, మీ పత్రంలో కీ తప్పు" అని శీర్షిక పెట్టి రాశాను. రెండు రోజుల మౌనం తర్వాత వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. టికెట్ మూసివేయబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?"

మీ నిపుణుడు రాయాల్సింది ఇది. ముందు 965 కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ ఒక్కొక్కటీ తెరిస్తే వరుసకు ఒక పేరు ఉంటుంది. ప్రతి పేరుకూ డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఫైలు ఉందో లేదో చూసి, ఫైలు లేని పేరు వరుసను మాత్రమే చెరపాలి. పేర్లన్నీ పోయి విలువ, అంటే ఆ జాబితా, ఖాళీ అయితే అప్పుడు విలువనే తీసేయాలి. రీస్టార్ట్. చాలామంది చెప్పినట్టు రెండు విలువలూ గుండుగుత్తగా లేపేస్తే డ్రైవ్ తిరిగొస్తుంది నిజమే, కానీ వాటిని వాడుకునే వేరే బర్నింగ్ ప్రోగ్రాము పనిచేయడం మానేయొచ్చు. అందుకే ఆ రెండో పేరు ఎవరిదని అడిగింది. మీరు చెప్పలేదు కాబట్టి ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం చూసి తెలుసుకున్నాను. అది మీదే. మీ డ్రైవర్ మీదో కాదో చెప్పడానికి మీ సంస్థలో మనిషి దొరకలేదు!

తొమ్మిదేళ్లుగా ప్రతి అప్‌గ్రేడూ డబ్బు కట్టి కొన్నాను. ఉచితంగా దొరికే ప్రోగ్రాములు ఉన్నా మీ దగ్గరే ఉండిపోయాను. ఇక్కడ అడిగితే పలుకుతారన్న ఒక్క నమ్మకంతో. పునరుద్ధరణ రుసుము గడువు దగ్గరపడితే మాత్రం మీ మెయిల్ ఒక్క రోజు ఆలస్యం కాదు, పేరు కూడా తప్పు పడదు.

ఆ 967 పత్రాన్ని ఈ రోజే వెనక్కి తీసుకోండి. అది ఎవరెవరికి వెళ్లిందో మీ టికెట్లలో ఉంటుంది, వాళ్లందరికీ "ఇలా చేయకండి" అని రాయండి. అన్‌ఇన్‌స్టాలర్ ముందు జాబితాలోంచి పేరు తీసి, రీస్టార్ట్ అయ్యాక ఫైలు చెరిపేలా మార్చండి. ఈ ఏడాది లైసెన్సు డబ్బు వెనక్కి ఇస్తారో లేదో మీ ఇష్టం. పది రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే కార్డు సంస్థ ద్వారా నేనే రాబట్టుకుంటాను. మీ పత్రాన్ని, దాని కింద సరైన కీ నంబరును, మీ నాలుగు జవాబులతో సహా నలుగురూ చూసేచోట పెడతాను. వినియోగదారుల కమిషన్‌కూ అవే కాగితాలు చాలు.

ఈ ఉత్తరానికి జవాబు రాసేవారు రాసే ముందు మూడో పేరా చదవాలని మనవి.

ఇట్లు,
మీ తొమ్మిదేళ్ల ఖాతాదారు

జతపరచినవి: మొదటి మెయిల్ నకలు (మూడోసారి), కోడ్ 39 తెర చిత్రం, 965 కీ ఎక్స్‌పోర్ట్, మీ సూచనల పత్రం. లెన్స్ తుడిచిన గుడ్డ కూడా పంపాలా?