బండల సందుల్లో గడ్డి

ఒరేయ్,

నీ ఉత్తరం చదవగానే ఇది రాస్తున్నాను. పెరట్లో పరిచిన బండల సందుల్లో గడ్డి పెరిగిపోయిందని, ఉప్పు చల్లేద్దామనుకుంటున్నానని రాశావు. దయచేసి ఆ పని చేయకురా. నేను చేశాను. గడ్డి మాడింది, నిజమే. కానీ వాన పడ్డాక ఆ ఉప్పునీళ్లు పక్కనున్న గులాబీ పాదులోకి దిగాయి. ఆకుల అంచులు ఎండుతూ ఎండుతూ నెలలో మొక్క పోయింది. ఇప్పటికీ అటు చూస్తే మనసు చివుక్కుమంటుంది. వెనిగర్ కూడా వద్దు. ఆకును మాడుస్తుందే గానీ వేరు జోలికి పోదు, పైగా సున్నపురాయి బండలైతే వాటినే తినేస్తుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

ముందు మొలిచింది ఏమిటో చూడు. గంగపాయల, పులిచింత లాంటివైతే వాన వెలిసిన మర్నాడు లాగు, చాలావరకు వేరుతో సహా వచ్చేస్తాయి. గంగపాయల ముక్కలు మాత్రం అక్కడే వదిలేయకు, తడి తగిలితే మళ్లీ బతుకుతాయి. లేత మొలకలకు మరిగే నీళ్లు చాలు. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని ఆ నీళ్లు పొయ్యి.

అసలు టెన్షన్ తుంగతోనే. పూత కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు, మూడు అంచులు తగిలితే అదే. లాగితే పైది తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. ఒక గడ్డ నుంచి సన్నటి తీగలాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, పూసల దండలా సాగిపోతాయి. నేను చివరికి రెండు బండలు లేపి, జానెడు లోతు తవ్వి, మట్టి జల్లించి గడ్డలు ఏరాను. ఆ తర్వాత కూడా మొలకలు వచ్చాయి. ఆకు విప్పుకోకముందే, వారం వారం గిల్లేస్తూ వచ్చాను. ఆకు లేకపోతే గడ్డకు తిండి అందదు కదా, మెల్లగా నీరసించిపోయింది.

ఇంకో సంగతి. ఈ మొక్కల్లో చాలావరకు కింద నుంచి రావురా, గాలికి కొట్టుకొచ్చిన గింజలే. సందుల్లో దుమ్ము, కుళ్లిన ఆకులు చేరి మట్టిగా మారితే అందులో మొలుస్తాయి. అందుకే పాత కత్తితో ఆ మట్టంతా గీకి, పొడి ఇసుక గట్టిగా దట్టించు. ఆకులు రాలినప్పుడల్లా ఊడ్చెయ్యి.

ఒకవేళ నీ దగ్గరున్నది తుంగే అయితే ఒక్కడివే బండలు లేపకు, నడుం పట్టేస్తుంది. ఒక్క మాట రాయి, ఆదివారం గునపం పట్టుకుని నేనొస్తాను.

నీ మిత్రుడు