కొండదారిలో ఒక సిలువ

లియోన్,
సెప్టెంబరు

అమ్మా,

ఫోన్లో ఏదైనా చెప్పబోతే మధ్యలో "తిన్నావా" అంటావు, అందుకే రాస్తున్నాను. తిన్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఇంకా పావు సీసా ఉంది.

మొన్న శనివారం ఆఫీసు స్నేహితురాలు వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది. ఇక్కడికి కారులో నాలుగైదు గంటలు, ఫ్రాన్సు తూర్పున వోజ్ కొండల్లో, సాన్‌దియే అనే ఊరి దగ్గర. దారిలో తాంత్రూ అనే పల్లె దాటాక ఒక రాతి స్మారకం దగ్గర ఆపింది. ఒకటే ముసురు. రాతి అంచున ఎవరో గులకరాళ్ళు పేర్చి వెళ్ళారు. యూదులు చనిపోయినవాళ్ళ దగ్గర పూలకు బదులు రాళ్ళు పెడతారట.

ఆ స్మారకం ఆబ్రహం బ్లాక్ అనే ఆయనది. మా లియోన్‌లోనే పెద్ద రబ్బీ, అంటే యూదుల గురువు. నది ఒడ్డున వాళ్ళ ప్రార్థనామందిరం ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను, ఈయన సంగతే తెలియదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే 54 ఏళ్ళ వయసులో, ఎవరూ రమ్మనకుండానే సైన్యంతో వెళ్ళాడు. ఆగస్టు 29న ఫిరంగిగుళ్ళు పడుతుంటే, మంటలంటుకున్న చోటి నుంచి గాయపడ్డవాళ్ళను బయటికి చేరవేయిస్తున్నాడు. కొన ఊపిరితో ఉన్న ఒక కేథలిక్ సిపాయి ఈయన్ని చూసి ఫాదర్ అనుకుని సిలువ కావాలన్నాడట. ఆ రోజుల్లో రబ్బీల అంగీ కూడా ఫాదర్ల అంగీలాగే ఉండేది మరి. "నేను ఫాదర్ని కాదు బాబూ" అనలేదమ్మా ఆయన. ఎక్కడిదో సిలువ వెతికి తెచ్చి అతని ముందు పట్టాడు. కాసేపటికే గుండు తగిలి తనూ పోయాడు.

ఈ సంగతి ఆయన భార్యకు ఉత్తరం రాసి చెప్పింది కూడా ఒక కేథలిక్ ఫాదరే. ఆ ఫాదర్ కళ్ళారా చూసింది కాదు, విన్నది రాశాడని కొందరంటారు. ఫ్రాన్సు దేశం మాత్రం ఈ కథను బాగానే వాడుకుంది. డ్రైఫస్ అనే యూదు కెప్టెన్ మీద 1894లో గూఢచారి అని అబద్ధపు కేసు పెట్టి, నిర్దోషి అని ఒప్పుకోవడానికి 1906 దాకా లాగిన దేశమే ఇది. 1914లో యుద్ధం రాగానే అందరం ఒకటే అంది. 1940లో జర్మన్లకు లొంగిపోయాక, యూదులను సర్కారు ఉద్యోగాల్లోంచి తీసేస్తూ చట్టం చేసింది కూడా ఇదే. నాకైతే ఒళ్ళు మండింది. ఆ స్మారకాన్ని జర్మన్లు పగలగొడితే యుద్ధమయ్యాక మళ్ళీ నిలబెట్టారట.

అక్కడ నిలబడితే తాతయ్య గుర్తొచ్చాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆఖరి రాత్రి, మామయ్య వాళ్ళు మందుల కోసం పరిగెత్తినప్పుడు, మెడలో సిలువ ఉన్న నర్సమ్మే తాతయ్య నోట్లో తులసినీళ్ళు పోసిందని చెప్పేదానివి కదా. తులసి ఎక్కడి నుంచి తెచ్చిందో అప్పుడు అడగాలని తోచలేదు. ఆవిడ పేరు నీకు గుర్తుందా? లేకపోతే పెద్దమామయ్యను అడిగి చెప్పు.

మోకాలి మాత్రలు మానకు. నాన్నకు నేను బాగానే ఉన్నానని చెప్పు.

నీ
చిన్ని