పెరటి తోటల సంఘం వార్షిక నివేదిక: ఈ వేసవిలో మన పిట్టలు, పురుగులు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సోదర సోదరీమణులకు నమస్కారాలు. రాని వాళ్ళకి కూడా నమస్కారాలే, నివేదిక కాపీ ఇంటికి పంపిస్తాం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం జోలికి పోను. నెలవారీ సమావేశాలు పది జరిగాయి, రెండు జరగలేదు. ఒకటి వరద నీళ్ళ వల్ల, రెండోది కోరం లేక. కార్తీక మాసం వనభోజనాలు, సంక్రాంతికి విత్తనాల పంపకం, కడియం నర్సరీలకు ట్రిప్పు ఎప్పట్లాగే అయ్యాయి. వాటి ఫొటోలు గ్రూపులో మీరంతా చూసినవే. ఈ ఏడాది కొత్తగా చేసింది వేసవి పరిశీలన. అందుకని ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, కాలువలకి నీళ్ళు కట్టేశాక మన దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా. చేలు బీటలు వారతాయి, బోదెల్లో చుక్క నీరుండదు. అప్పుడు పిట్టలకీ తేనెటీగలకీ మన పెరళ్ళే గతి. భరణి కార్తె మొదలు మృగశిర దాకా, అంటే సుమారు ఆరు వారాలు, రోజూ పొద్దున్నే అరగంట ఎవరి పెరట్లో వాళ్ళు కూర్చుని కనబడిన పిట్ట, పురుగు నోటుబుక్కులో రాయాలని తీర్మానించుకున్నాం. పేర్లిచ్చిన వాళ్ళు పంతొమ్మిది మంది. రోహిణి కార్తె దాకా నిలబడింది ఐదుగురు. అందులో ఇద్దరు డెబ్బై దాటిన వాళ్ళు, ఒకరు ఐదో తరగతి పిల్ల. రాత్రి ఒంటిగంట దాకా క్రికెట్ చూసిన వాళ్ళు పొద్దున్న ఆరింటికి ఎలా లేస్తారు లెండి. ఎండ అన్న సాకు మాత్రం చెప్పకండి. ఆరింటికి ఎండ ఎక్కడిది?

ఇంటింటికీ మట్టి మూకుళ్ళు పంచాం. రోజూ నీళ్ళు మార్చాలని, లేకపోతే వారం పది రోజుల్లో దోమలు పుడతాయని, తేనెటీగలు మునిగిపోకుండా నాలుగు గులకరాళ్ళు వేయాలని చెప్పి మరీ ఇచ్చాం. తర్వాత చూస్తే కొన్ని మూకుళ్ళు పూలకుండీల కింద పళ్ళేలైపోయాయి. ఒక ఇంట్లో అయితే అందులో దీపం వెలుగుతోంది. నేనేమీ అనలేదు. కానీ సరిగ్గా పెట్టిన చోట ఎన్ని వచ్చాయో చూడండి: గోరింకలు, పిగిలిపిట్టలు, ఉడుతలు, మధ్యాహ్నం పూట ముక్కు తెరుచుకుని రొప్పుతూ కాకులు. బడి దగ్గర వేపచెట్టు కింద పెట్టిన పెద్ద తొట్టి మీదకి లకుముకి పిట్ట కూడా వచ్చింది. కాలువలో నీళ్ళుంటే అది మన మొహం చూసేదా!

ఇక ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. మే నెల రెండో శనివారం ‘పెరటి లెక్క’ పెట్టాం. అదే రోజుల్లో ప్రపంచమంతా పిట్టల వెబ్‌సైటు ఈబర్డ్‌లో పిట్టల లెక్కలు ఎక్కిస్తారు, మనమూ ఎందుకు చేయకూడదని డ్రాయింగ్ మాస్టారు అన్న మాట ఇది. ముప్ఫై ఒక్క ఇళ్ళు పాల్గొన్నాయి. ఆరు నుంచి ఏడున్నర దాకా ఎవరూ మోటారు వేయలేదు, టీవీ పెట్టలేదు. ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను కాపురానికొచ్చాక ఇదే చూడటం. కుర్రాళ్ళు కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పట్టుకుని తిరిగారు. అది మంచిదే కానీ పక్కింటి వాళ్ళ సెల్‌ఫోన్ రింగుటోన్‌కి కూడా కోకిల అని చూపించింది. కాబట్టి కంటితో చూడనిది రాయొద్దని మధ్యలో రూలు పెట్టాల్సి వచ్చింది. కోకిల మాటకొస్తే, కూ అని పాడేది మగదని, అది కాకిలా నల్లగా ఉంటుందని, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలున్నది ఆడదని చెప్తే సగం మంది ఒప్పుకోలేదు. ‘కోకిలమ్మ’ అంటాం కదా, మగదెలా అవుతుంది అని వాదన. చివరికి రెండూ జామచెట్టు మీదే కనబడేసరికి ఊరుకున్నారు.

లెక్కలో తేలింది రెండు మాటల్లో చెప్తాను. పెంకుటిళ్ళున్న వీధుల్లో, వసారాలో వరి కుచ్చులు కట్టిన చోట పిచ్చుకలున్నాయి. కొత్తగా స్లాబులు పోసిన వీధిలో ఒక్కటీ లేదు. గింజలు వేస్తే సరిపోదు, గూడు పెట్టుకోవడానికి చూరు కింద సందు కావాలి. వడ్రంగి చేత చేయించిన చెక్క పెట్టెలు కావాలన్న వాళ్ళు పేరు రాయించండి. రెండో సంగతి పాలపిట్ట. ముప్ఫై ఒక్క ఇళ్ళకి గాను ఒక్క ఇంటి వాళ్ళే చూశారు, అదీ చేలవైపు కరెంటు తీగ మీద. 2018 దాకా అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. ఇప్పుడా హోదా రామచిలుకది. రామచిలుకలకేం, జామకాయ ఒక్కటి పండనివ్వకుండా దర్జాగా ఉన్నాయి. పాలపిట్టలు దేశంలో చాలా చోట్ల తగ్గిపోతున్నాయని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో కూడా రాశారు. దసరాకి చూసి దణ్ణం పెట్టుకోవడానికైనా మిగలాలి కదా.

తేనెపిట్ట గూడు సంగతి చెప్పకపోతే రెండో వీధి వాళ్ళు ఊరుకోరు. మలుపులో పెంకుటింటి వసారాలో బట్టలారేసే తీగకి ఏప్రిల్ చివర తేనెపిట్ట గూడు మొదలెట్టింది. పనంతా దాదాపు ఆడదే. సాలెగూటి పోగులు ముక్కున చుట్టుకొచ్చి తీగకి అంటించడం, వాటికి పీచు, ఎండుటాకు తునకలు తగిలించడం. వారం పది రోజుల్లో చేతి సంచంత గూడు వేలాడింది. పక్కన చిన్న ద్వారం, దాని మీద వాన పడకుండా బుల్లి చూరు. పైన గొంగళిపురుగు పెంటికలు, బెరడు పొట్టు అతికించి ఉంటే ఏదో చెత్త చిక్కుకుందనుకుని దులపబోయారు ఆ ఇంటి కోడలు. ఆపింది పెద్దమ్మ గారే. మగది మాత్రం ఎదురుగా మందార కొమ్మ మీద కూర్చుని తోక ఆడిస్తూ పెత్తనం చేసేది.

ఇంతలో ఆ ఇంట్లో పెళ్ళి. తాటాకు పందిరి వేశారు, సీరియల్ లైట్ల కుర్రాళ్ళు వచ్చారు, సరిగ్గా ఆ తీగ మీదుగానే లైట్లు కట్టాలట. గూట్లో అప్పటికి పిల్లలున్నాయి. పెద్దమ్మ గారు మెట్టు మీద కూర్చుని, ‘ఒరేయ్ అబ్బాయిలూ, ఆ మూల లైట్లు లేకపోతే పెళ్ళేమీ ఆగిపోదు గానీ, పురిటింటి మీద ఏం కడతార్రా, అటేపు కట్టండి’ అన్నారు. కట్టారు. మైకు సెట్టు కూడా గోడవతల పెట్టించారు. పెళ్ళికొచ్చిన వాళ్ళు సెల్‌ఫోన్లు గూట్లో దూర్చబోతుంటే నేను చీపురు పట్టుకుని కాపలా కాశాను. తల్లీతండ్రీ రెండూ సాలీళ్ళు, చిన్న పురుగులు పట్టుకొచ్చి మేపాయి. ఉత్త తేనెతో పిల్లలు పెరగవని మాకు అప్పుడే తెలిసింది. పెళ్ళయిన నాలుగో రోజు పొద్దున్న గూడు ఖాళీ. పెద్దమ్మ గారు ఆ గూటిని ఇప్పటికీ తీయనివ్వలేదు. సంఘం తరఫున వారికి శాలువా కప్పుతున్నాం.

పిల్లల విభాగం వాళ్ళది కరివేపాకు చెట్టు. నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పసుపు, నలుపు మచ్చల సీతాకోకచిలుక ఒక్కో గుడ్డూ విడివిడిగా పెడుతుంది. పుట్టిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, కాకి కూడా ముట్టుకోదు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జత బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలు పెరుగు డబ్బాలకి పల్చటి గుడ్డ కట్టి ఎనిమిదింటిని పెంచారు. ఆకుపచ్చ కొమ్మ మీద కట్టిన గూడు ఆకుపచ్చగా, ఎండు పుల్ల మీద కట్టింది మట్టిరంగులో ఉంది, నేను కూడా నమ్మలేక కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ఆరు సీతాకోకలయ్యాయి. ఒకటి ఎండిపోయింది. ఇంకోదాన్లోంచి సీతాకోక బదులు చీమంత కందిరీగలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. వాటి తల్లి ముందే లోపల గుడ్లు పెట్టిందన్నమాట. ఆ డబ్బా పెంచిన పిల్ల (పైన చెప్పిన ఐదో తరగతి పిల్లే) ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు ఆ కందిరీగల బొమ్మ గీసి తెచ్చింది. ఆ బొమ్మే మొదటి బహుమతి. ఆడవాళ్ళకి ఒక మనవి: పోపులోకి రెమ్మ తుంచే ముందు ఒకసారి తిరగేసి చూడండి.

ఇప్పుడు బాధపడ్డ సంగతి. బడి పక్క రావిచెట్టు కొమ్మలు కరెంటు తీగలకి తగులుతున్నాయి, కొట్టాల్సిందే, మేమూ కాదనలేదు. గూళ్ళు పెట్టకముందే, చలికాలంలోనే కొట్టమని ఫిబ్రవరిలో కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం. అందినట్టు ముద్ర కొట్టి ఇచ్చారు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ సారు మీటింగులో ఉన్నారు. తీరా మే నెల నడిమధ్యలో చెప్పాపెట్టకుండా వచ్చి కొమ్మలన్నీ నరికేశారు. మూడు కాకి గూళ్ళు కిందపడ్డాయి. బతికింది ఒక్క పిల్ల. దాన్ని బుట్టలో పెట్టి మిగిలిన కొమ్మకి కట్టాం, కడుతున్న కుర్రాడి నెత్తి మీద కాకి రెండుసార్లు తన్నింది. అయినా సాయంత్రానికి వచ్చి మేపడం మొదలెట్టింది. వారం పది రోజులకి పిల్ల ఒంటి మీద తెల్ల చుక్కలు తేలాయి. అది కోకిల పిల్ల. ముద్ర వేసిన అర్జీ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది, ఎవరికి కావాలన్నా చూపిస్తాను.

కొబ్బరి మీద తెల్లదోమ గురించి చాలామంది అడిగారు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు మొదట బయటపడి మన తోటల దాకా వచ్చిన పురుగు అది. ఆకుల అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి చూసి కంగారుపడి మందులు కొట్టకండి. దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు చెప్పేదీ అదే. చిన్న చెట్లయితే నీళ్ళు జోరుగా కొట్టండి, ఆముదం రాసిన పసుపు అట్టలు కట్టండి.

జమాఖర్చులు: వెనక జతచేసిన కాగితంలో ఉన్నాయి, ఆడిటరు గారు చూశారు. మూకుళ్ళ ఖర్చు కాస్త ఎక్కువైంది, మిగతాది మామూలే. సభ్యత్వ బాకీలున్న వాళ్ళకి వాళ్ళెవరో తెలుసు.

కృతజ్ఞతలు: లెక్క రోజు అందరికీ ఉప్మా, కాఫీ ఏర్పాటు చేసిన రైస్ మిల్లు వారికి, కాగితాలు ఉచితంగా జిరాక్స్ తీసిచ్చిన షాపు వారికి, డ్రాయింగ్ మాస్టారికి, తొట్టి ఇచ్చిన కుమ్మరి తాతగారికి, గుడి అరుగు మీద మీటింగులు పెట్టుకోనిచ్చిన పంతులు గారికి, రోజూ తొట్టి కడిగిన ఆయమ్మకి, ఆరు వారాలూ నిలబడ్డ ఆ ఐదుగురికి. పొద్దున్నే కాఫీ తనే పెట్టుకున్నందుకు మా వారికి కూడా.

మృగశిర చినుకులు పడ్డాయి, కాలువలకి నీళ్ళొదిలారు. కాలవగట్టు తాడిచెట్టుకి గిజిగాళ్ళు గూళ్ళు మొదలెట్టాయి. మగవి సగం అల్లి ఆపి, ఆడది వచ్చి చూసి నచ్చిందంటేనే మిగతా సగం అల్లుతాయి. ప్రస్తుతం పదకొండు సగం గూళ్ళున్నాయి. చూడాలనుకున్న వాళ్ళు ఆదివారం ఆరింటికి లాకుల దగ్గరికి రండి.

సంఘం బైనాక్యులర్ రెండింటిలో ఒకటి మే నెల నుంచి కనబడటం లేదు. ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళు ఆదివారం లోపు పట్టుకొచ్చి ఇవ్వండి, ఏమీ అడగను.

ఇట్లు,
కార్యదర్శి