మ్యాచ్ చూపిస్తారు సరే, ఇంటికెలా పోవాలి? ఇద్దరు మంత్రులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి, రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా సమస్య మీ రెండు శాఖల మధ్య ఉన్న సందులో పడి ఉంది. స్టేడియం గేటు లోపలిదంతా ఒకరు చూసుకుంటారు, గేటు బయట ఆగే బస్సు ఇంకొకరిది. మెట్రో మళ్లీ పురపాలక శాఖది, వాళ్లకీ ఒక కాపీ పంపుతున్నాను. మ్యాచ్‌కి వచ్చేవాడికి మాత్రం ఈ శాఖల లెక్క తెలియదు. ఇంటి నుంచి బయల్దేరి మళ్లీ ఇంటికి చేరేదాకా అతనికి అంతా ఒకటే సాయంత్రం.

2024 నవంబర్ 18, సోమవారం. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో భారత్, మలేషియా ఫుట్‌బాల్ మ్యాచ్, కప్పు పోటీ కాని ఫ్రెండ్లీ. రాత్రి ఏడున్నరకు మొదలు. మాది హబ్సిగూడ. మా నాన్నకు డెబ్బై దాటాయి. చదువుకునే రోజుల్లో లాల్ బహదూర్ స్టేడియంలో ఫుట్‌బాల్ అంటే అన్నం కూడా మర్చిపోయేవారట. మన దేశం జట్టు మన ఊళ్లో ఆడుతోంది కదా, తీసుకెళ్దామని ఉత్సాహంగా రెండు టికెట్లు కొన్నాను.

ఐదున్నర దాటాక హబ్సిగూడలో మెట్రో ఎక్కాం. నాన్నకు సీటు దొరికింది. ఊరంతా ఈ చివర నుంచి ఆ చివరకు దాటి రాయదుర్గంలో హాయిగా దిగాం. అసలు కథ స్టేషన్ మెట్లు దిగాక మొదలైంది.

అక్కడి నుంచి స్టేడియం నాలుగైదు కిలోమీటర్లు. ఆఫీసులు వదిలే వేళకి ఆ నాలుగైదు కిలోమీటర్లంటే ఏమిటో ఆ పక్క ఉద్యోగం చేసేవాళ్లను ఎవర్నడిగినా చెప్తారు. యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తే ఇద్దరు డ్రైవర్లు క్యాన్సిల్ కొట్టారు. ఒక ఆటో అతను నాలుగొందలు అడిగాడు. బేరమాడే టైమ్ లేదు, ఎక్కాం. బయోడైవర్సిటీ కూడలి దగ్గర అతను ఇంజిన్ ఆపేసి, కాళ్లు చాపుకుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు టెన్షన్, నాన్నకు నవ్వు. "ఏందిరా, లాల్ బహదూర్‌కైతే చిక్కడపల్లి నుంచి నడుసుకుంటనే పోయేటోళ్లం" అన్నారు.

చివరి ముక్క మేమూ నడిచాం. గేటు దగ్గర టికెట్ స్కాన్ చేస్తుండగా లోపల జనం ఒక్కసారిగా ఉస్సూరుమన్నారు. గేటు దగ్గరి కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, "గోల్ పడ్డది అంకుల్, వాళ్లది" అన్నాడు. పందొమ్మిదో నిమిషం. ముప్పై తొమ్మిదో నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టి స్కోరు సమం చేసినప్పుడు మాత్రం సీట్లలో ఉన్నాం. నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాలుగొందల ఆటోకి ఆ ఒక్కటి దక్కింది.

ఇక సెకండాఫ్. స్కోరు 1-1. ఇంకో గోల్ కొడితే గెలిచే మ్యాచ్. కానీ డెబ్బయ్యో నిమిషం దాటిన దగ్గర్నుంచి మా చుట్టుపక్కల కళ్లు మైదానం మీద కన్నా ఫోన్ల మీద ఎక్కువున్నాయి. ముందు వరసలో ఒకామె నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని లేచింది, వెనకే భర్త, చేతిలో చిన్న జెండా. కాసేపటికి నాన్న నా మోచెయ్యి తట్టారు. "పోదాం పా, మళ్ల బండ్లు దొరకవు." లేచాం. చివరి పది నిమిషాల్లో ఏం జరిగిందో మెట్రోలో ఫోన్లో చూసుకున్నాం. ఏమీ జరగలేదు, 1-1 గానే ముగిసింది. జరిగి ఉంటే ఇంకా బాధపడేవాణ్ణి.

ఆ తర్వాత రెండుసార్లు అడిగాను, వేరే మ్యాచ్‌లకి. "టీవీల వస్తది కద" అన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గచ్చిబౌలిలో సీట్లు ఖాళీగా కనిపించినప్పుడల్లా హైదరాబాదీలకు క్రికెట్ తప్ప ఇంకోటి ఎక్కదని చాలామంది తీర్పు చెప్పేస్తారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్, ఈ ఊరివారే. ఇష్టం ఎక్కడికీ పోలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు గచ్చిబౌలి నుంచి మల్కాజిగిరికో, దిల్‌సుఖ్‌నగర్‌కో ఎలా చేరాలన్న ప్రశ్నకు జవాబు లేకపోవడంతో ఆ ఇష్టం సోఫాలో కూర్చుంది. ప్రేక్షకుడు టికెట్ కొనే ముందు లెక్కేసుకునేది వెళ్లడం గురించి కాదండీ, తిరిగి రావడం గురించి.

బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. మరుసటేడు ఆఫ్రో ఏషియన్ క్రీడలూ అక్కడ జరిగాయి. అప్పటికి గచ్చిబౌలి అంటే ఊరి బయట. విశాలంగా స్థలం దొరికింది, కట్టారు, తప్పేం లేదు. తర్వాత ఊరే దాని చుట్టూ పెరిగింది. విచిత్రమేమిటంటే, ఊరు దగ్గరికొచ్చిన కొద్దీ స్టేడియం దూరమైంది. ఖాళీ రోడ్డు మీద ఇరవై నిమిషాల దారి ఇప్పుడు గంట.

2021-22లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ చాంపియన్ హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆ సీజన్ కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచాకే ఆ జట్టు మళ్లీ సొంత మైదానంలో ఆడింది. దేశంలోకెల్లా గొప్ప జట్టు మన ఊళ్లో ఉండగా, మ్యాచ్‌లేమో ఐటీ ఆఫీసులు వదిలే వేళకి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. దానికి బస్సులు లేకపోవడమే కారణమని నేననను, డబ్బు చిక్కులే అసలు కారణం. కానీ ప్రతి మ్యాచ్‌కీ స్టేడియం నిండే క్లబ్బుని ఎవరైనా అంత సులువుగా వదులుకుంటారా అని మాత్రం అనిపిస్తుంది.

ఇప్పుడు ఉప్పల్ క్రికెట్ స్టేడియం సంగతి. అక్కడ 2017 మే 21న ఒక ఐపీఎల్ ఫైనల్, 2019 మే 12న ఇంకో ఫైనల్ జరిగాయి. రెండూ ముంబయి ఇండియన్స్ ఒక్క పరుగు తేడాతోనే గెలిచింది, మొదటిసారి పుణె మీద, రెండోసారి చెన్నై మీద. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఇది తెలిసిన ముచ్చటే. నాకు గుర్తుండేది వేరే తేడా. మొదటి ఫైనల్ నాటికి ఉప్పల్‌లో మెట్రో పట్టాలున్నాయి, జనం ఎక్కే రైలు లేదు. అదే ఏడాది నవంబర్ చివర్లో నాగోల్, అమీర్‌పేట మధ్య రైళ్లు మొదలయ్యాయి. ఉప్పల్ తర్వాతి స్టేషన్ పేరే స్టేడియం. దిగితే పది, పదిహేను నిమిషాల నడక. రెండో ఫైనల్ అయ్యాక, అర్ధరాత్రి వేళ, చేతుల్లో ఫ్లాగులతో జనం వంతెన కింద బారుగా నడుస్తూ స్టేషన్‌కి పోవడం నేను చూశాను.

ఫైనల్ అయితే మెట్రో లేకపోయినా ఎడ్లబండి కట్టుకునైనా వస్తారంటారా? నిజమే, రెండుసార్లూ స్టేడియం కిక్కిరిసింది. 2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చినప్పుడూ ఉప్పల్‌కి జనం పోటెత్తారు, ఆయన ఎక్కడికొచ్చినా పోటెత్తుతారు. పెద్ద మ్యాచ్‌కి రవాణా వల్ల వచ్చేవాళ్ల సంఖ్య పెద్దగా మారదేమో, వచ్చే మనుషులు మారతారు. ఉప్పల్‌లో ఇప్పుడు అమ్మమ్మలు కనిపిస్తారు, కాలేజీ అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి మగతోడు లేకుండా వస్తారు. ఐపీఎల్ రాత్రుల్లో చివరి రైళ్లు పొడిగిస్తారన్న భరోసా, ఆర్టీసీ స్పెషల్ బస్సులు, ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి బస్సుల్లో వచ్చిన ఉచిత ప్రయాణం, అన్నీ కలిశాయి. స్టేడియానికి బలం ఇచ్చేది పెద్ద మ్యాచ్ కాదు, మామూలు మ్యాచ్. సోమవారం రాత్రి ఫ్రెండ్లీకి వచ్చేవాడు. వాడికే బస్సు కావాలి.

వేరే ఊళ్లు చూడండి. ముంబయిలో వాంఖెడే స్టేడియం నుంచి బయటికొస్తే చర్చిగేట్, మెరైన్ లైన్స్ స్టేషన్లు చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెన్నైలో 2023 ఐపీఎల్‌కి సొంత జట్టు మ్యాచ్ టికెట్టే మెట్రో టికెట్టుగా చెల్లింది. మెట్రో దిగి చెపాక్ స్టేడియానికి నడిచిపోవచ్చు. పుణె గహుంజె స్టేడియం ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, ఊరికి దూరంగా ఉంటుంది. సొంత బండి లేకపోతే అదొక యాత్ర. దగ్గరగా ఉంటే చాలు అని కూడా అనలేం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది పోయారు. మెట్రో పక్కనే ఉంది, జనం వరదలా వచ్చారు, గేట్ల దగ్గర ఏర్పాటు లేదు. జనాన్ని తేవడమూ వాళ్లను లోపలికి పంపడమూ ఒకే బల్ల మీద కూర్చుని ఆలోచించాల్సిన పని. మీ ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మన లాల్ బహదూర్ స్టేడియం గురించి రాస్తే నాన్న సంతోషిస్తారు. ఫతే మైదాన్ అన్న రోజుల్లో, 1955లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్ మొదటి టెస్టు అక్కడే జరిగింది. 1999 నవంబర్ 8న అదే న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153 కొట్టి, ఒకే భాగస్వామ్యంలో 331 పరుగులు జోడించింది అక్కడే. 2005లో ఉప్పల్ వచ్చాక పెద్ద క్రికెట్ అటు పోయింది. ఇప్పుడు అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉంది, నాంపల్లి దగ్గర్లో ఉంది, ఊళ్లో నలుమూలల బస్సులూ ఆ చుట్టుపక్కల తిరుగుతాయి. అంత సౌకర్యమూ ఉన్న చోట ఆటల కన్నా సభలు ఎక్కువ గుర్తుంటున్నాయి. మీ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7న ప్రమాణం చేసింది కూడా అక్కడే కదా. తప్పు పట్టడం లేదు. మీకు జనం కావాల్సి వచ్చినప్పుడు మీరూ ఊరి నడిబొడ్డునే ఎంచుకున్నారు, గచ్చిబౌలి పోలేదు.

నేను అడిగేవి పెద్దవేం కావు. గచ్చిబౌలిలో సాయంత్రం మ్యాచ్ ఉన్న రోజు రాయదుర్గం స్టేషన్ కింద నుంచి స్టేడియం దాకా ఆర్టీసీ బస్సులు వరసగా తిప్పండి, మ్యాచ్ అయ్యాక గంట సేపు వెనక్కి కూడా. మ్యాచ్ టికెట్ చూపిస్తే అందులో ఎక్కనివ్వండి, ఆ ఖర్చు నిర్వాహకుల నుంచి వసూలు చేయండి. చెన్నైవాళ్లు చేసింది మనకు చేతకాదా. పని రోజు రాత్రి ఏడున్నర కాకుండా, టీవీవాళ్ల పట్టు లేని మ్యాచ్‌లైనా శని, ఆదివారాల్లో పెట్టమని నిర్వాహకులను అడగండి. లాల్ బహదూర్‌లో ఏడాదికి కొన్ని మంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌లైనా వచ్చేలా చూడండి.

మెట్రో రెండో దశ ప్రతిపాదనలో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కి 11.6 కిలోమీటర్ల దారి ఉంది. సంతోషం. కానీ అది బయోడైవర్సిటీ దాటాక ఖాజాగూడ, నానక్‌రాంగూడ, విప్రో సర్కిల్ మీదుగా పోతుంది. అంటే రేపు ఆ లైను వచ్చినా బాలయోగి స్టేడియం గుమ్మం ముందు రైలు ఆగదు. ఆ మిగిలిన ముక్కకు ఏం చేస్తారో ఇప్పుడే కాగితం మీద పెట్టించండి, స్తంభాలు లేచాక అడిగితే లాభం లేదు.

ఇంకొకటి. ఊరి బయట బేగరికంచె దగ్గర అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడతామని 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి గారు ప్రకటించారు. ఆ పక్క మనుషులకంటే భూములెక్కువ. 2002లో గచ్చిబౌలి కూడా అలాగే ఉండేది. మొదటి మ్యాచ్ కంటే ముందు మొదటి రైలు నడిచేలా చూస్తామని ఒక్క మాట రాసివ్వండి. రైలు ఆలస్యమైతే స్టేడియమూ ఆలస్యం కానివ్వండి, ఎవరం ఏమీ అనుకోం. ఉప్పల్‌కి మ్యాచ్ వచ్చిన పన్నెండేళ్లకు గానీ రైలు రాలేదు. ఆ పన్నెండేళ్లూ హబ్సిగూడ రోడ్డు మీద హారన్లు విన్నవాళ్లం మేమే.

గచ్చిబౌలిలో మళ్లీ భారత్ ఆడే మ్యాచ్ ప్రకటించిన రోజున, పోస్టర్ మీద టికెట్ ధర పక్కన రాయదుర్గం పోయే చివరి బస్సు టైమ్ కూడా అచ్చు వేయించండి. ఆ పోస్టర్ ఫోటో తీసి నాన్నకు చూపిస్తాను. ఈసారి ఆఖరి విజిల్ దాకా కూర్చుందామంటే ఏమంటారో చూడాలి.

ఇట్లు,
హబ్సిగూడ నుంచి ఒక ప్రేక్షకుడు