నీ మొదటి మారథాన్ గురించి

చిట్టీ,

నువ్వు పంపిన జాబితా రెండు రోజులుగా పదేపదే చూస్తున్నాను. బోస్టన్, లండన్, న్యూయార్క్, బెర్లిన్, టోక్యో, ఏథెన్స్. "అమ్మా, మొదటిది ఏదైతే బాగుంటుంది?" అని ఒక్క ముక్కలో అడిగావు. ఫోన్‌లో చెప్పబోతే మాట ఎటో వెళ్ళిపోతోంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు బోస్టన్ తీసెయ్. 1897 నుంచి జరుగుతున్న పరుగది, దానిమీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ అక్కడ ఎక్కువమందికి చోటు దొరికేది ఇంకో మారథాన్‌ను తమ వయసుకు పెట్టిన సమయంలోపు పూర్తిచేసి చూపిస్తేనే. అది రెండోదో, అయిదోదో అవుతుంది. ఇక లండన్‌కు లాటరీ. 2026 పరుగుకు 11 లక్షలమందికి పైగా పేరిచ్చారు. నువ్వూ ఇవ్వు, వస్తే ఎగిరి గంతేద్దాం. రాకముందే దాన్ని నమ్ముకుని ఏడాదంతా ఖాళీ పెట్టుకోకు.

నేను పరుగెత్తిన ఏథెన్స్ మారథాన్ గురించి నీకు సగమే చెప్పాను. మెడల్ చూశావు, ఫొటోలు చూశావు. మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

మారథాన్ అనే ఊళ్ళోనే మొదలై, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియంలో ముగిసే దారి అని చదివాను. అంతే, పేరిచ్చేశాను. దారి పటం గోడకు అంటించుకున్నానే గానీ, దాని కిందున్న ఎత్తుపల్లాల గీతను సరిగ్గా చూడలేదు. దాదాపు 10వ కిలోమీటరు నుంచి 31 దాకా ఆ దారి ఎక్కుతూనే ఉంటుంది. మధ్యలో కాస్త దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతుంది. నేను సాధన చేసిందంతా చదును రోడ్డుమీద. పైగా ముందురోజు మీ నాన్నతో కలిసి అక్రోపోలిస్ అనే పాతకోట కొండ ఎక్కి, సాయంత్రందాకా ఊరంతా నడిచాను. 27 దాటాక తొడలు బిగుసుకుపోయాయి. ఆ ఎక్కుడు అయ్యేదాకా నడకే. ఆ తర్వాత ఊళ్ళోకి దిగే దారి హాయిగా ఉంటుందనుకున్నాను. అప్పటికే అలిసిపోయిన తొడలకు దిగుడే ఎక్కువ నొప్పి. స్టేడియంలో అడుగుపెట్టాక, అన్ని రాతిమెట్ల మధ్య మీ నాన్న ఎరుపు చొక్కా కనిపించింది. అక్కడ ఏడ్చాను. సంతోషం సగం, మిగతా సగం ఈ దారికి తగ్గట్టు తయారై రాలేదే అన్న బాధ.

అప్పటినుంచి నేను ఊరి పేరుకన్నా ముందు తేదీ చూస్తున్నాను. తేదీ నుంచి వెనక్కి నాలుగు నెలలు లెక్కపెట్టు. అందులో కష్టమైన భాగం పరుగుకు పది వారాల ముందు మొదలై మూడు వారాల ముందు ముగుస్తుంది. 28, 30, 32 కిలోమీటర్ల పరుగులన్నీ అప్పుడే వస్తాయి. బెర్లిన్ సెప్టెంబరు చివర్లో, అంటే నీ పెద్ద పరుగులు జులై మధ్యనుంచి సెప్టెంబరు మొదటిదాకా. టోక్యో మార్చి మొదట్లో, అంటే డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరిదాకా. నువ్వున్న చోట ఆ నెలల్లో తెల్లవారుజామున మూడు గంటలు బయట పరుగెత్తగలవా? ఆఫీసులో రాత్రి తొమ్మిదైనా పని తెమలని నెలలు అవేనా? వీటికి నువ్వే జవాబు చెప్పుకోవాలి. పరుగు రోజు చల్లగా ఉంటుందన్న మాట మాత్రం ఎవరూ ఇవ్వలేరు. చికాగోలో 2007 అక్టోబరులో విపరీతమైన వేడివల్ల పరుగును మధ్యలోనే ఆపేశారు.

న్యూయార్క్ నాకు చాలా ఇష్టం, అయినా మొదటిసారికి వద్దంటాను. పరుగు మొదలయ్యే స్టేటెన్ ఐలాండ్ చేరి, నవంబరు చలిలో గంటలకొద్దీ కాచుకోవాలి. మొదలవగానే వెర్రజానో వంతెన ఎక్కాలి, 25వ కిలోమీటరు ప్రాంతంలో క్వీన్స్‌బరో వంతెన. దానిమీద చూసేవాళ్ళెవరూ ఉండరు, పక్కవాళ్ళ అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదట. ఇంకో సంగతి. 2012లో తుపాను దెబ్బకు ఆ మారథాన్ రద్దయింది, అదీ రెండు రోజుల ముందు. అప్పటికే ఎందరో విమానాలు దిగి ఊళ్ళోకి వచ్చేశారు. అందుకే ఏ ఊరికైనా నన్ను నేను ఒకటే అడుగుతాను: పరుగు లేకపోయినా ఆ నాలుగు రోజులు అక్కడ ఉండటం నాకిష్టమేనా?

బెర్లిన్ దారి చదునుగా ఉంటుంది. కెన్యా మారథాన్ వీరుడు కిప్చోగే 2018లో 2:01:39, మళ్ళీ 2022లో 2:01:09తో ప్రపంచ రికార్డులు పెట్టింది అక్కడే. మన వేగం వేరనుకో, కానీ చదును దారి మొదటిసారి పరుగెత్తేవాళ్ళ మీదే ఎక్కువ దయ చూపిస్తుంది. ఊపిరి ఎంత, అడుగు ఎంత అన్న లెక్క చివరిదాకా చెదరదు. చివర్లో బ్రాండెన్‌బర్గ్ గేటు కిందనుంచి వెళ్తావు. 1990లో రెండు జర్మనీలు ఒకటవడానికి మూడు రోజుల ముందు, ఏళ్ళతరబడి గోడ అడ్డుగా ఉన్న ఆ గేటు గుండా మొదటిసారి పరుగెత్తినవాళ్ళలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారని చదివాను. దానికీ లాటరీ ఉంది. వేసవిలో సాధన నీకు కుదరదనిపిస్తే, నీ జాబితాలో లేని వలెన్సియా చూడు, స్పెయిన్‌లో ఉంది. డిసెంబరు మొదట్లో జరుగుతుంది, అదీ చదునే.

ఎక్కడికైనా సరే, పరుగు పూర్తిచేయడానికి ఇచ్చే గడువు ఎన్ని గంటలో ముందే చూసుకో. టోక్యోలో ఏడు గంటలు, మధ్యలో చోటుచోటుకీ ఒక్కో గడువు, దాటితే ఆపేస్తారు. వీసా అనుమానంగా ఉంటే తిరిగి డబ్బులిచ్చే టికెట్టే తీసుకో. నీ ఊరి సమయానికీ అక్కడి సమయానికీ ఎన్ని గంటల తేడా ఉంటే అన్ని రోజులు ముందుగా వెళ్ళగలిగితే మంచిది, ఒంటికి అలవాటవుతుంది. సెలవు అంత దొరకకపోతే కనీసం మూడు నాలుగు రోజులైనా ముందు. ముందురోజు ఊరు చూడకు. బిబ్, అదే చొక్కాకు పెట్టుకునే నంబరు కాగితం, తెచ్చుకుని, గదిలో కాళ్ళు చాపుకుని పడుకో. చూడాల్సినవన్నీ పరుగయ్యాక చూద్దాం, మెట్లు దిగేటప్పుడు నేను చెయ్యి పట్టుకుంటాను.

తేదీ ఖాయం కాగానే చెప్పు. 35వ కిలోమీటరు దగ్గర తాను నిలబడతానని మీ నాన్న ఇప్పుడే చెప్పేశారు. ఎరుపు చొక్కా ఇంకా దాచుకునే ఉన్నారు.

అమ్మ